శ్రావణం గడి

మా అమ్మ చేతి భోజనం తిన్నవాళ్లలో నూటికి అయిదుగురు మొదటి ఏడాదే చచ్చిపోతారని ఎనభై మూడు వేసవిలో నేను నా చేత్తో టైపు చేశాను. ఒక కాపీ కాదు, నాలుగు కాపీలు, కార్బన్ కాయితం మార్చి మరీ కొట్టాను.

అప్పుడు నేను డాబాగార్డెన్స్‌లో ఒక మేడమీద రమణమూర్తిగారి ఆఫీసులో టైపిస్టుని. బీకాం చదివానని ఆయన నలుగురి ముందూ నన్ను అసిస్టెంటు అనేవారు. జీతం మాత్రం టైపిస్టుదే. బ్యాంకు అప్పు కావలసినవాళ్లకి ప్రాజెక్టు రిపోర్టు రాసివ్వడం ఆయన వృత్తి. ఉక్కు ఫ్యాక్టరీ కడుతున్న రోజులు కదా, ఊళ్లో ప్రతివాడికీ ఏదో ఒకటి పెట్టెయ్యాలని ఉండేది. కోళ్లఫారం, ఐసు ఫ్యాక్టరీ, బేకరీ, బోల్టుల కార్ఖానా, ఏదైనా సరే, రమణమూర్తిగారి దగ్గర అన్నింటికీ రిపోర్టు ఒక్కటే. ఏడాదికి మూడొందల పనిదినాలు. మొదటి ఏడాది సామర్థ్యంలో అరవై శాతం, రెండో ఏడాది డెబ్బై, మూడో ఏడాది ఎనభై. పేరూ సరుకూ మార్చి కొట్టడమే నా పని. అమ్మ మెస్సుకి రిపోర్టు కొట్టినప్పుడు అంతకుముందు రోజు కొట్టిన కోళ్లఫారం కాయితాలు పక్కన పెట్టుకున్నాను. కోడిపిల్లల్లో మొదటి ఏడాది అయిదు శాతం మరణాలు అన్న వాక్యం, కోడిపిల్లల బదులు తినేవాళ్లతో, చల్లగా వచ్చి మా మెస్సులో కూచుంది.

మా అమ్మ పేరు అసిరమ్మ. దువ్వాడ స్టేషనుకి వెళ్లే రోడ్డు మీద మా రెండుగదుల పెంకుటిల్లు, ఇంటి ముందు తాటాకు పందిరి. ఆ పందిట్లో రోజుకి అరవై విస్తళ్లు వేసేది. తినేవాళ్లంతా ఫ్యాక్టరీ కట్టడంలో కాంట్రాక్టర్ల కింద పనిచేసేవాళ్లు. అమ్మ చేపలపులుసు రుచి మరిగిన ఒక సూపర్‌వైజరు, జూలై ఒకటికల్లా పెద్ద షెడ్డూ పెద్ద గుండిగలూ సమకూర్చుకుంటే తన క్యాంపు మనుషులందరినీ ఇక్కడికే పంపుతానని మాటిచ్చాడు. దానికి ఇరవై ఏడు వేలు కావాలి. అంత డబ్బు మా ఇంట్లో ఎవరమూ కళ్లతో చూసి ఎరగం.

వైశాఖంలో ఒక మధ్యాహ్నం అమ్మ అరుగు మీద కూచుని చేటలో బియ్యం ఏరుతోంది. ఇంగ్లీషులో ఉన్న రిపోర్టుని నేను తెలుగు చేసి చదువుతున్నాను. పందిట్లో క్రేన్లకి ఇనుము కట్టే రిగ్గరు గవర్రాజు ఒక్కడే ఆలస్యంగా వచ్చి తింటున్నాడు. అతనిది శృంగవరపుకోట అవతల ఏదో పల్లె. అమ్మని అక్కా అన్నట్టు అప్పా అని పిలిచేవాడు.

“ఆగు. మల్లీ సదువు,” అంది అమ్మ.

మళ్లీ చదివాను. చదువుతూండగానే నాకు చెమటలు పట్టాయి.

“నా కూడు తిని అయిదుగురు సత్తారా? ఏటే, నానిక్కడ కూడెడతన్నానా, ఎండ్రిను మందెడతన్నానా?”

“అప్పా, ఆ అయిదుగురిలో నన్నెట్టకు. ఇంటికాడ మా ముసిల్దాయికి నానొక్కడినే,” అన్నాడు గవర్రాజు, ముద్ద నోట్లో పెట్టుకుంటూనే.

నాకు నవ్వాగలేదు. అది కోళ్లది, పొరపాటున వచ్చిందని చెప్పాను. అమ్మ నవ్వలేదు.

“సర్లే, సావులు కోల్లవి. మరి రోజుకి మూడొందల ఇస్తళ్లని సదివేవు, అది కూడా కోల్లదేనా?”

“కాదమ్మా. అయిదొందలమందికి సరిపోయే షెడ్డు. అందులో అరవై శాతం. మూడొందలు.”

“ఎన్నాల్లు?”

“ఏడాది పొడుగునా.”

“శ్రావణంలో?”

“శ్రావణంలో కూడా.”

అమ్మ చేట కింద పెట్టి గవర్రాజు వైపు వేలు చూపించింది. “ఒరే గవర్రాజూ, ఉభాలికి నువ్వెక్కడుంతావురా?”

“ఎక్కడేటప్పా? మా మళ్లోనే. ఊరంతా ఎల్లిపోద్ది కదా.”

ఉభాలంటే వరినాట్లు. ఫ్యాక్టరీలో ఇనుము మోసే ప్రతివాడికీ ఊళ్లో అరెకరమో ఎకరమో ఉంది. లేనివాడు ఉన్నవాడి మళ్లోకి కూలికి వెళతాడు. వానలు పడితే సూపర్‌వైజరు కాళ్లు పట్టుకున్నా వాళ్లాగరు. ముగ్గురిలో ఇద్దరు వెళ్లిపోతారు. మార్గశిరంలో కోతలకి మళ్లీ అంతే. ఇది అమ్మకి తెలుసు, గవర్రాజుకి తెలుసు, పుట్టినప్పట్నుంచీ చూస్తున్న నాకూ తెలుసు. తెలిసి కూడా టైపు మిషను ముందు కూచోగానే మూడొందలు, మూడొందలు అని కొట్టుకుంటూ పోయాను. చదువుకున్నదాన్ని కదా!

“మరి బేంకోడి కిస్తీ?” అంది అమ్మ.

“నెలకి తొమ్మిదొందలు.”

“ఆల్లు ఊల్లో నేకపోయినా?”

“నేకపోయినా. వరసగా రెండు కిస్తీలు తప్పితే ఇల్లు జప్తు సేసుకోవచ్చు.”

“ఏ ఇల్లు?”

నేను గుమ్మం వైపు చూశాను. అమ్మ వెనక్కి తిరిగి గుమ్మం కేసి చూసింది, ఆ ఇంటిని అప్పుడే కొత్తగా చూస్తున్నట్టు. ఆ ఇంటికి అమ్మ ఒక్కొక్క పెంకూ విస్తళ్లు ఎత్తి కొన్నది. నాన్న పోర్టు జీతం గోడలకి సరిపోయింది, కప్పంతా అమ్మదే.

మర్నాడు ఆఫీసులో రమణమూర్తిగారికి రెండు తప్పులూ చెప్పాను. ఆయన మంచివారే. చెడ్డవారని నేను ఎప్పుడూ అనను. మొదటిది విని పొట్ట పట్టుకుని నవ్వి, ఆ వాక్యం కొట్టెయ్యమన్నారు. రెండోది విని కళ్లజోడు తీశారు.

“నష్టం వచ్చే నెలలు బ్యాంకుకి చూపిస్తావా ఆదిలక్ష్మీ? ఎవడైనా పెళ్లిచూపుల్లో కూతురికి మూర్ఛలున్నాయని చెబుతాడా?”

“ఉంటే చెప్పాలి కదండీ.”

“బ్యాంకువాడు చూసేది ఆఖరి గడి. ఏడాదికి లాభం పదమూడు వేల ఎనిమిదొందలు. అది చూస్తాడు, సంతకం పెడతాడు. ఈ ఊళ్లో నాలుగొందలమందికి అప్పులిప్పించాను నేను.”

“వాళ్లలో ఎంతమంది తీర్చారండీ?”

ఆయన కళ్లజోడు మళ్లీ పెట్టుకున్నారు. “అది నా పని కాదు. నీ పని అంతకన్నా కాదు. శుక్రవారం బ్యాంకుకి వెళుతున్నాం. మీ నాన్న ఇంటి పట్టా నిన్ననే తెచ్చి నా చేతికిచ్చాడు కూడా.”

నాకు ఒళ్లు మండిపోయింది. ఆయన మీద కాదు, నాన్న మీద. ఆ మంటతోనే నాలుగు కాపీలూ తప్పు దిద్ది మళ్లీ కొట్టాను. మరణాలు పోయాయి, మూడొందలు అలాగే ఉన్నాయి.

నాన్న సన్యాసిరాజు పోర్టులో కలాసీ. ఆయన అలమరలో పరచడానికి అక్కణ్ణించి పాత మేనిఫెస్టు కాయితాలు తెచ్చేవాడు. ఓడలో ఏ సరుకెంత ఉందో రాసే కాయితాలవి, మంచి వెడల్పు. ఒకవైపు అంతా అచ్చు, రెండోవైపు ఖాళీ. ఆ సాయంత్రం అలాంటిదొకటి నేల మీద పరిచి, స్కేలు పెట్టి పన్నెండు నిలువు గడులు గీశాను. రమణమూర్తిగారి రిపోర్టులో ఏడాదికి ఒక గడి. మా అమ్మ ఏడాది ఒక గడిలో పట్టేది కాదు.

“ఏ నెలలో ఎంతమంది తింతారో సెప్పమ్మా.”

“మందిని నాను లెక్కెట్టనే. బియ్యం లెక్కెడతాను.”

“అయితే బియ్యమే సెప్పు.”

చెప్పింది. అక్షరం ముక్క రాని మనిషి, మూడేళ్ల కిందట ఏ నెలలో రోజుకెన్ని కుంచాల బియ్యం ఉడికిందో పొయ్యి ముందు కూచుని గడగడా చెప్పింది. కొత్తమావాస్యకి అనకాపల్లి జాతర, రెండ్రోజులు సగం. పైడితల్లమ్మ సిరిమానుకి విజయనగరం వైపువాళ్లు ఒక్కరూ ఉండరు. శ్రావణంలో మూడో వంతు. పొలాల అమావాస్య దాటాక ఒక్కొక్కరూ వస్తారు, భాద్రపదం అంతా వస్తూనే ఉంటారు. కార్తీకం నిండుగా, మార్గశిరం మళ్లీ మూడో వంతు. నేను కుంచాలని విస్తళ్లు చేశాను, విస్తళ్లని పెద్ద షెడ్డుకి అయిదింతలు చేసి, నెలకి పాతిక పనిదినాల చొప్పున రూపాయలు చేశాను. విస్తరికి రెండుంపావలా వస్తే, బియ్యం పప్పు కట్టెలు పోగా అర్ధరూపాయి మిగులుతుంది. వంటవాళ్ల జీతాలూ స్థలం అద్దే దీపాలూ కలిపి నెలకి పదిహేడొందలు, తిన్నా తినకపోయినా.

మూడు సాయంత్రాలు పట్టింది. గవర్రాజు తిన్నాక వెళ్లకుండా కూచుని తప్పులు పట్టేవాడు. “కొత్తమావాస్యకి రెండ్రోజులేటప్పా, నానైతే మూడ్రోజులు రాను,” అని అమ్మతో వాదించి ఒక అంకె దిద్దించాడు కూడా. పన్నెండు గడులూ నిండాక కింద మొత్తం వేసి చూశాను. నా కళ్లని నేనే నమ్మలేదు. కిస్తీలన్నీ కట్టాక కూడా ఏడాది చివర అయిదువేల ఆరొందల పైచిలుకు లాభం!

“అమ్మా, లాబమే వొత్తంది!”

“మరేటి ఇబ్బంది?”

ఇబ్బంది మొత్తంలో లేదు, వరసలో ఉంది. జూలైలో షెడ్డు తెరుస్తాం, మనుషులు సగమే చేరతారు, మిగిలేది నూటడెబ్బై అయిదు. ఆ వెంటనే శ్రావణం, మొదటి కిస్తీ నెల. వంద విస్తళ్లు. కిస్తీ కట్టకముందే నాలుగొందల యాభై నష్టం, కడితే పదమూడొందల యాభై. తరవాత భాద్రపదం, మిగిలేది ఎనిమిదొందలు, కట్టాల్సింది తొమ్మిదొందలు. రెండు కిస్తీలు, వరసగా. ఆశ్వయుజం నుంచి డబ్బే డబ్బు. కానీ అప్పటికి ఇల్లుండదు.

నాన్న గుమ్మంలో నిలబడి ఇదంతా వింటున్నాడు. చొక్కా విప్పి చిలక్కొయ్యకి తగిలిస్తూ అన్నాడు, “మూర్తిగోరు సదూకున్నోరు. ఆరికి తెలీదేటి?”

“మూర్తిగోరు శ్రావణంలో నా పందిట్లోకొచ్చి కూకున్నారేటి?” అంది అమ్మ.

“బేంకోడు అప్పిత్తాననడమే ఎక్కువ. ఒక ఏలిముద్ర. అది పడితే రేపు డబ్బు. నువ్వీ గీతలు సూపిత్తే పైసా రాదు.”

“రాకపోతే రాదు. నువ్వు నాకు సెప్పకుండా పట్టా అట్టికెల్లి ఎందుకిచ్చేవు?”

“నీ కోసమే కదే!”

“నా కోసం నన్నడక్కండా సేత్తావేటి?”

నాన్న కోపంగా బయటికి వెళ్లి, చాలాసేపు రోడ్డు మీద నిలబడి బీడీ కాల్చాడు. ఆయన భయం నాకు తెలుసు. పాతికేళ్లుగా ఎవరో పైనుంచి ఎత్తమంటే ఎత్తి, దించమంటే దించిన మనిషి. కాయితం మీద అచ్చులో ఉన్నది తప్పని అనడం ఆయనకి అలవాటు లేదు. ఆ మాటకొస్తే నాకూ లేదు. అయినా ఆ సాయంత్రం నేను ఆ కాయితం కింద ఒక వరస కొత్తగా రాశాను. శ్రావణం, భాద్రపదం, మార్గశిరం కిస్తీ లేదు. మిగతా తొమ్మిది నెలలూ తొమ్మిదొందలకి బదులు పన్నెండొందలు. బ్యాంకుకి ఏడాదికి ఒక్క రూపాయి తగ్గదు.

శుక్రవారం పూర్ణా మార్కెట్ దగ్గరి బ్యాంకుకి ముగ్గురం వెళ్లాం. నాన్న ఇస్త్రీ చొక్కా వేసుకున్నాడు. అమ్మ పెళ్లిళ్లకి కట్టే ఎర్ర నేతచీర కట్టింది. రమణమూర్తిగారు మాకన్నా ముందే వచ్చి మేనేజరు గదిలో కాఫీ తాగుతున్నారు. మా పట్టా ఆయన సంచీలో ఉంది.

మేనేజరు భీమశంకరరావుగారిది కృష్ణా జిల్లా. పెద్దమనిషి. అమ్మకి కుర్చీ చూపించి, కూచునేదాకా తను కూచోలేదు. టైపు చేసిన రిపోర్టు తిరగేసి, “అంతా బాగానే ఉందమ్మా. ఇదిగో, ఇక్కడ వేలిముద్ర వేస్తే సోమవారానికి శాంక్షను,” అన్నారు.

నేను సంచీలోంచి మేనిఫెస్టు కాయితం తీసి బల్ల మీద పరిచాను. అది బల్ల దాటి ఆయన ఒళ్లోకి దిగింది.

“ఏమిటమ్మా ఇది?”

“మా లెక్కండి. నెలనెలా.”

“చిన్నపిల్ల సార్,” అన్నారు రమణమూర్తిగారు నవ్వుతూ. “ఏదో ఉత్సాహం.”

మేనేజరు మాత్రం నవ్వలేదు. వేలు పెట్టి ఒక్కొక్క గడీ చదువుకుంటూ వెళ్లారు. నిజం చెప్పాలంటే ఆ కాయితాన్ని అంత శ్రద్ధగా చదివిన బయటి మనిషి ఆయనొక్కరే. శ్రావణం దగ్గర వేలు ఆగింది.

“ఆగస్టులో నష్టం. నష్టం వస్తుందని మీరే రాసుకొచ్చి అప్పడుగుతున్నారా?”

“రాయకపోతే రావడం మానేస్తుందాండీ?” అన్నాను. నా గొంతు నాకే కొత్తగా వినిపించింది.

“నాట్లకి మనుషులెళ్లిపోతారని రాశావు. ఆగస్టులో నాట్లేమిటమ్మా? జూన్లో కాలవలొదుల్తారు, జూలైకల్లా అయిపోవూ?”

నేను నోరు తెరిచేలోగా అమ్మ అందుకుంది. “మాకు కాలవెక్కడిది బాబూ? వాన పడాల, సెరువు నిండాల, అప్పుడు ఉభాలు. మీ ఊరు ఏరు, మా ఊరు ఏరు.”

ఆయన ఆ గడికేసి ఇంకోసారి చూశారు. నేను ఇక ఆగలేదు.

“రైతుకి పంట అప్పు ఇస్తారు కదండీ. శ్రావణంలో కిస్తీ కట్టమంటారా?”

“అదెలా కడతాడు? కోతలయ్యాక కడతాడు. వ్యవసాయం వేరు.”

“మా దగ్గర తినేవాళ్లంతా రైతులేనండీ. వాళ్లు మళ్లోకెళితే మా పొయ్యి ఆరిపోతుంది. వాళ్లొస్తే మండుతుంది. మాది హోటలని మీరు రాసుకున్నారు గానీ, అది కూడా వాన మీదే నడుస్తుంది. కింద చూడండి, తొమ్మిది నెలల్లో మొత్తం కట్టేస్తాం. మీకేం తగ్గదు.”

మేనేజరు కాయితం మడిచి, మళ్లీ విప్పారు.

“లెక్క తప్పని నేననను,” అన్నారు చివరికి. “కానీ అమ్మా, సమాన కిస్తీలైతే నా సంతకంతో అయిపోతుంది. ఇలాగైతే పై ఆఫీసుకి పంపాలి. వాళ్లు కాదంటారు. ముందే చెబుతున్నాను. ఆ రిపోర్టు మీద వెయ్యండి, పని జరిగిపోతుంది. శ్రావణం సంగతి శ్రావణంలో చూసుకోవచ్చు.”

రమణమూర్తిగారు ఇంకు పెట్టె మూత తీసి అమ్మ ముందుకి జరిపారు. టైపు చేసిన రిపోర్టు ఆఖరి పేజీ కూడా జరిపారు. నాన్న అమ్మ కేసే చూస్తున్నాడు. ఇరవై ఏడు వేలు ఆ బల్ల మీద బొటనవేలంత దూరంలో ఉన్నాయి.

“రెండూ ఒకే అప్పుకే కదా బాబూ?” అంది అమ్మ.

“అవునమ్మా.”

“మరి రెంటిలో నిజిం ఏది?”

మేనేజరు కళ్లు మేనిఫెస్టు కాయితం మీదికి పోయాయి. అమ్మ కొంచెంసేపు ఆగింది, మర్యాదకి. తరవాత బొటనవేలు ఇంకులో అద్ది, టైపు కాయితం మీదనుంచి చెయ్యి దాటించి, మేనిఫెస్టు కాయితం మీద నేను గీసిన గడుల్లో ఒకటి వెతుక్కుంది. చదువు రాదు గానీ అయిదో గడి శ్రావణమని ఆమెకి తెలుసు. నాలుగొందల యాభై నష్టం అన్న అంకె మీద వేలు గట్టిగా నొక్కింది.

“ఇది పంపండి బాబూ,” అంది. రమణమూర్తిగారి వైపు తిరిగి చెయ్యి చాపింది. “మూర్తిగోరూ, మా ఇంటి పట్టా. అప్పొచ్చిననాడు నానే తెచ్చి ఇత్తాను.”

ఆయన సంచీలోంచి తీసి ఇచ్చారు. అమ్మ దాన్ని నాన్నకివ్వలేదు. కొంగులో చుట్టి బొడ్లో దోపుకుంది. నాకు ఆ క్షణాన ఆమె కాళ్ల మీద పడాలనిపించింది. పడలేదు, సిగ్గేసింది. ఇప్పటికీ పడకపోతినే అని ఉంటుంది.

బయట మెట్ల మీద రమణమూర్తిగారు నాతో, “సోమవారం నుంచి నువ్వు రానక్కర్లేదమ్మా,” అన్నారు. కోపంగా కూడా అనలేదు.

“వచ్చినా అవి టైపు చెయ్యలేనండీ,” అన్నాను.

నాన్న మూడ్రోజులు మాతో మాట్లాడలేదు. అన్నం కూడా గవర్రాజు పక్కన పందిట్లో కూచుని తిన్నాడు, డబ్బులిచ్చే ఖాతాదారులా. అమ్మ ఆయనకీ విస్తరేసి వడ్డించింది. నాలుగో రోజున గవర్రాజు ఆయనతో, “బావా, అప్ప లెక్కలో నువ్వు కూడా పడ్డావు, నీకు విస్తరికి రెండుంపావలా,” అన్నాడు. నాన్న నవ్వాపుకోలేక లేచిపోయాడు. మరో వారానికి రిక్షా మీద నాలుగు పాత టార్పాలిన్లు తెచ్చి పందిట్లో దించాడు. పోర్టు వేలంలో తన డబ్బుతో కొన్నవట. ఎందుకని మేమడగలేదు. ఆయనే తాళ్లు విప్పుతూ, “షెడ్డుకి రేకులెయ్యలేం. శ్రావణంలో వాన కదా, తాటాకు ఆగదు,” అన్నాడు. ఆ నెల పేరు ఆయన నోట రావడం అదే మొదటిసారి.

ఈలోగా అమ్మా నేనూ పూర్ణా మార్కెట్‌కి వెళ్లి వంటపాత్రలు అద్దెకిచ్చే కొట్టు కనుక్కున్నాం. రెండు గుండిగలూ నాలుగు బేసిన్లూ నెలకి డెబ్బై రూపాయలు. కొనాలంటే నాలుగు వేలు. అప్పు వస్తుందని ఎదురుచూస్తూనే ఇదంతా చేశాం. రాదని మేనేజరు చెప్పినా నాకు లోపల ఆశ చావలేదు. లెక్క తప్పు కాదని ఆయనే అన్నారు కదా.

జ్యేష్ఠం ఆఖర్లో, జూన్ ఇరవై ఎనిమిదిన, పోస్టులో బ్యాంకు కవరు వచ్చింది. అమ్మ ఎసట్లో బియ్యం పోస్తోంది. కవరు చింపి ఒకసారి నాలో నేను చదువుకున్నాను. కళ్లలో నీళ్లు తిరిగాయి. ఏడవకూడదనుకున్నాను గానీ ఏడ్చాను.

“ఏటంటాడు?” అంది అమ్మ, గరిటె ఆపకుండా.

“ఇవ్వరట.”

“ఎందుకట?”

“ఆగస్టులోనూ డిసెంబర్లోనూ నష్టం సూపించేం కదా, అందుకట.”

“అయ్యి శ్రావణం, మార్గశిరాలే కదా?”

“అవే.”

“మరి మిగతా పది నెల్ల గురించి ఏటి రాసేడు?”

కాయితం అటూ ఇటూ తిప్పి చూశాను. “ఏటీ రాయలేదు.”

“ఏటీ రాయలేదంటే ఆ పది నెల్లూ బేంకోడు ఒప్పీసుకున్నట్టే.” అమ్మ గరిటె గుండిగ అంచుకి కొట్టి పక్కన పెట్టింది. “ఏడుపాపి పెన్సిలు తియ్యి. కిస్తీ కొట్టీ. మూడొందలు కాదు, అందులో సగం. ఇద్దరు వంటోల్లు సాలు. గుండిగలు అద్దెవి. ఇప్పుడు శ్రావణం ఎంత?”

ముక్కు తుడుచుకుని లెక్క కట్టాను. మంచి నెలల్లో తొమ్మిదొందల డెబ్బై అయిదు మిగులు. శ్రావణంలో యాభై విస్తళ్లు.

“రెండొందల డెబ్బై అయిదు నష్టం.”

“అంతేనా?”

“అంతే.”

“అది నా కాడుంది,” అంది అమ్మ. అని ఒక్కసారి పైకి నవ్వింది. వెనక గదిలోంచి నాన్న కంగారుగా వచ్చి ఏమైందని చూశాడు. అమ్మ ఆయనకేసి చూసి ఇంకా గట్టిగా నవ్వింది. “ఏటయ్యా సూత్తన్నావు? ఇల్లు మనదే. ఎల్లి ఆ టార్పాలిన్లు కట్టు.”

తరవాత నా వైపు తిరిగింది.

“నువ్వెల్లి సూపర్‌వైజరు బాబుతో సెప్పు. ఒకటో తారీకు నుండి నూటయాభై ఇస్తళ్లని సెప్పు. శ్రావణంలో యాభయ్యే అని కూడా సెప్పు. దాసకు. తలెత్తి సెప్పు.”

వెళ్లి చెప్పాను.